ఉత్తరాంధ్ర రచయిత్రుల గురించి వెతికితే ఎందుకు దొరకదు?

కిందటేడు సంక్రాంతి సెలవులు అయిన వారంలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. శ్రీకాకుళం జిల్లాలో, పలాసకి దగ్గర ఊరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుందట. "మేడమ్, ద్వివేదుల విశాలాక్షి గారి నవలల మీద సెమినార్ ఇమ్మన్నారు. ఫోన్లో ఎంత ఎతికినా రెండు మూడు ముక్కలే వస్తన్నాయి. ఆవిడ మీద మీరు పెద్ద వ్యాసం రాసారంట కదా, ఏటని కొడితే వస్తాది?" అని అడిగింది.

రాసిన మాట నిజమే. ఒక సదస్సులో చదివిన పత్రాన్ని పెంచి, ఒక సంచికకి ఇచ్చాను. ఆ సంచిక మొత్తం ఇంటర్నెట్‌లో కూడా ఉంది. ఆ సంగతి నాకు బాగా గుర్తు, ఎందుకంటే నా బయోడేటాలో రాసుకున్నాను. "విశాలాక్షి పేరు, విజయనగరం అని కొట్టమ్మా, వచ్చేస్తుంది" అన్నాను ధీమాగా. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఫోన్. రాలేదంది. సరే, నేనే వెతికి పంపిస్తానన్నాను. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని గంటన్నర వెతికాను. నా పేరుతో, ఆవిడ పేరుతో, నవలల పేర్లతో, సదస్సు జరిగిన ఊరి పేరుతో కూడా వెతికాను. చివరికి నా కంప్యూటర్లో ఉన్న పాత ఫైలు తీసి వాట్సాప్‌లో పంపాను. "ఏటి మేడమ్, మీరు రాసింది మీకే దొరకలేదా?" అంది ఆ అమ్మాయి. అందులో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

నేను కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆలోచనలో పడ్డాను. విశాలాక్షి 1929లో విజయనగరంలో పుట్టి 2014లో కన్నుమూసిన రచయిత్రి. 'వైకుంఠపాళి', 'మారిన విలువలు', 'గ్రహణం విడిచింది' ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగిన నవలలు. అంతమంది చదివిన రచయిత్రి ఇవాళ పలాస అమ్మాయికి రెండు మూడు ముక్కలుగా మాత్రమే మిగిలిందంటే ఆ తప్పు పితృస్వామ్య సాహిత్య చరిత్ర మీదకి నెట్టెయ్యడం నాకు చాలా సులువు. అలా నెట్టి ఇదివరకు వ్యాసాలు రాశాను కూడా. కానీ ఈసారి దొరకనిది నా వ్యాసం. దాన్ని ఏ మగ చరిత్రకారుడూ దాచలేదు.

ముందు అక్షరం సంగతి. ఆ వ్యాసాన్ని ఒక డీటీపీ సెంటర్లో పాత తెలుగు ఫాంటులో కొట్టించాను. ఇలాంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. కాగితం మీద చూస్తే చక్కని తెలుగు. యంత్రం చదివితే మాత్రం పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, కుండలీకరణాలు. దాన్ని పీడీఎఫ్ చేసి పెడితే మనిషి కంటికి విశాలాక్షి కనపడుతుంది, గూగుల్‌కి కనపడదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి విడిగా సంఖ్యలు కేటాయించి ఉండటం 1991 నుంచీ ఉన్నదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. 2006కి 'లేఖిని' వచ్చి, ఇంగ్లీషు కీబోర్డు తప్ప మరొకటి తెలియని వాళ్ళు కూడా తెలుగు రాసుకునే వీలు కలిగింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైంది. ఇవన్నీ జరిగిన ఎన్నో ఏళ్ళకి కూడా నేను నా పరిశోధన గ్రంథాన్ని పాత ఫాంటులోనే కొట్టించాను. డీటీపీ చేసే కుర్రాడికి అదే అలవాటు, నాకు గడువు దగ్గర పడింది. ఇంతకు మించి కారణం లేదు. మనలో ఎంతమంది థీసిస్‌లు ఇలా కంటికి కనపడుతూ కనపడకుండా పడి ఉన్నాయో ఎవరికి వాళ్ళం ఒకసారి తెరిచి, అందులో ఒక పేరు కోసం వెతికి చూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని.

ఫాంటు ఒక్కటే కారణమైతే ఈ వ్యాసం రాయక్కర్లేదు. మార్చి కొట్టించేస్తే సరిపోతుంది. ఆ రాత్రి పాత ఫైలు తెరిచినప్పుడు నాకు సిగ్గనిపించిన విషయం ఇంకోటి ఉంది. ఆ వ్యాసం పేరు 'గడపలోని గాలివాటం'. ఆ పేరు పెట్టినప్పుడు నాకు చాలా నచ్చింది, ఆ సంగతి కూడా గుర్తుంది. కానీ ఆ పేరు చూసి అది ఎవరి మీద వ్యాసమో ఎవరైనా చెప్పగలరా? మొదటి పేజీ అంతా సిమోన్ ద బోవా. రెండో పేజీలో మధ్యతరగతి, ఆధునికత. ద్వివేదుల విశాలాక్షి పేరు పూర్తిగా మూడో పేజీలో ఒక్కసారి వస్తుంది. ఆ తర్వాత అంతా 'రచయిత్రి', 'ఈమె', 'ఈ నవలాకారిణి'. విజయనగరం అన్న మాట వ్యాసం మొత్తంలో లేదు! ఫాంటు సరిగ్గా ఉన్నా ఆ అమ్మాయికి దొరికేది కాదు. ఇప్పుడు ఈ వ్యాసానికి కూడా మొదట ఒక కవితాత్మకమైన పేరే తట్టింది. కష్టం మీద కొట్టేసి, వెతికే వాళ్ళు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలే పెట్టాను. అందంగా లేదని తెలుసు.

అర్థమయ్యేలా రాయడం అనే విషయంలో మా ప్రాంతానికి కొంత గొప్ప చెప్పుకునే హక్కు ఉంది. గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలోదే. ఆయన 1880 నుంచి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పాడు. అక్కడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారు చేశాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి వ్యావహారిక భాష కోసం వాదించాడు. గిడుగు వాదాన్ని మనం సాధారణంగా గ్రాంథికానికీ వ్యావహారికానికీ మధ్య తగాదాగా చదువుకుంటాం. నాకు మాత్రం సవర పిల్లలకి పాఠం చెప్పబోయిన పంతులుగారే ముందు కనిపిస్తాడు. ఎదురుగా ఉన్న పిల్లకి ఏ మాట తెలుసు అన్న ప్రశ్న దగ్గర మొదలైన మనిషి, తెలుగు పిల్లల దగ్గరకి వచ్చేసరికి అదే ప్రశ్న అడగకుండా ఎలా ఉంటాడు? ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు సభల్లో వ్యావహారిక భాషని పొగుడుతూ చేసే ఉపన్యాసాలు వింటుంటే పాపం ఆయన ఓడిపోయాడేమో అని అనుమానం వస్తుంది.

గురజాడ సంగతి ఇంకా ఆసక్తికరం. వ్యావహారిక భాషని సమర్థిస్తూ 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. ఎవరు చదవాలో వాళ్ళ భాషలో రాశాడు కాబట్టి నేను తప్పు పట్టను. అంతకు ముందు 1897లో వచ్చిన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి రాసిన ముందుమాట కూడా ఇంగ్లీషే. స్పష్టంగా రాయడమంటే ఏమిటో చెప్పమంటే నేను ఆ ముందుమాటలో ఉన్న లెక్కని చూపిస్తాను. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసిపాపల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. విశేషణాలు అక్కర్లేని రాత ఇది. నూట పాతికేళ్ళు దాటినా ఆ అంకెలు చదివితే కడుపులో తిప్పుతుంది. కన్యాశుల్కం మీద థీసిస్ రాసిన ప్రతివాళ్ళూ, నాతో సహా, ఆ లెక్కని ఎత్తి రాసుకున్నవాళ్ళమే.

అయితే ఆ లెక్కలో ఒక్క పేరు లేదు. ఆ జాబితా రాసిన గుమాస్తాకి ఆ పిల్లల పేర్లు తెలిసే ఉంటాయని నా అనుమానం, ఇంటింటి లెక్క తియ్యకుండా వయసులు తెలియవు కదా. మనదాకా వచ్చినవి మాత్రం అంకెలే. గురజాడ ఏ భాషనైతే నాటకంలోకి తెచ్చాడో ఆ భాషలో సగం ఆడవాళ్ళది. బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ, మధురవాణి మాట్లాడకపోతే ఆ నాటకంలో వ్యావహారికం రుచి ఏముంది? వంటిళ్ళలో, బావుల దగ్గర ఎవరెవరి నోటి నుంచో వచ్చిన పలుకుబడి అది. ఆ పలుకుబడి నిలబడింది, పలికిన వాళ్ళ పేర్లు నిలబడలేదు. తేటగా రాసినంత మాత్రాన అందరూ దొరకరని నాకు ఇక్కడే మొదట తోచింది. ఏ విషయాన్ని తేటగా రాయాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది కూడా చూడాలి.

'దిద్దుబాటు' దగ్గరకి వస్తాను. 1910లో 'ఆంధ్రభారతి'లో అచ్చయిన ఈ కథని తొలి ఆధునిక కథ అని మా తరం బడిలోనే నేర్చుకుంది. 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో అచ్చమాంబ 'ధనత్రయోదశి' రాసిందని నాకు ఎం.ఏ.లో చేరాక గానీ తెలియలేదు. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ ఆమె కథల్ని పుస్తకంగా తెచ్చాక ఈ చర్చ గట్టిగా జరిగింది. ఏది మొదటిది అన్న పందెం మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. రెండు కథల్లోనూ భార్యే భర్తని దిద్దుతుంది. అచ్చమాంబ కథలో పేదరికంలో డబ్బుకి కక్కుర్తిపడిన భర్తని, గురజాడ కథలో సానిమేళాలు మరిగిన భర్తని. ఎనిమిదేళ్ళ తేడాతో వచ్చిన ఒకే ఊహ ఇది. ఒకదాన్ని వందేళ్ళు పాఠ్యపుస్తకాల్లో పెట్టి, రెండోదాన్ని పాత పత్రికల కట్టల్లో వదిలేశారు.

ఇప్పుడు ఆమె గురించి వెతికి చూడండి. ఇంటిపేరు 'భండారు' అని కొడితే కొన్ని వస్తాయి, 'బండారు' అని కొడితే వేరేవి వస్తాయి. కథ పేరు కలిపి రాస్తే ఒకటి, 'ధన త్రయోదశి' అని విడగొడితే మరొకటి. గురజాడకీ ఈ బెడద ఉంది. 'గురజాడ'నా 'గురుజాడ'నా అని పెద్ద పెద్ద వాళ్ళు వాదించుకున్నారు. కానీ ఆయన్ని ఎలా కొట్టినా యంత్రం సర్దుకుని చూపిస్తుంది, ఎందుకంటే లక్షలమంది వెతికారు. ఎక్కువమంది వెతకని మనిషి పేరు విషయంలో యంత్రం మన తప్పు దిద్దదు. పేరున్నవాళ్ళకి ఒత్తు తేడా వచ్చినా చెల్లిపోతుంది, రచయిత్రికి చెల్లదు. ఇక పేజీ తెరిచాక మొదటి వాక్యం ఏమిటి? చాలాచోట్ల 'కొమర్రాజు లక్ష్మణరావు అక్క' అని మొదలవుతుంది. అది అబద్ధం కాదు, ఆయన దగ్గర ఆమె చదువుకోవడం చిన్న విషయమూ కాదు. కానీ లక్ష్మణరావు మీద రాసిన పేజీ 'అచ్చమాంబ తమ్ముడు' అని మొదలవదు కదా. ముప్ఫై ఏళ్ళు బతికి, కథలు రాసి, స్త్రీల చరిత్రలు పోగు చేసి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం తెచ్చిన మనిషికి మొదటి వాక్యంలో సొంతపని ఒక్కటైనా ఉండాలి. ఆ పుస్తకం చూసిన వాళ్ళకి తెలుస్తుంది: ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క శీర్షిక, శీర్షికలో పేరు, పేరు కింద కథ. ఎవరు కావాలంటే వాళ్ళని తీసి చదువుకోవచ్చు. నా 'గడపలోని గాలివాటం' కన్నా వందేళ్ళ ముందటి ఆ ఏర్పాటే పాఠకురాలికి ఎక్కువ పనికొస్తుంది.

ఫోన్ వచ్చిన నెల తిరక్కుండానే శ్రీకాకుళం కథానిలయానికి వెళ్ళాను. ఇదివరకు వెళ్ళినప్పుడు అది నాకు ఒక పుణ్యక్షేత్రంలా ఉండేది, గోడల మీద రచయితల ఫోటోలు చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేసేదాన్ని. ఈసారి పనిమీద వెళ్ళాను. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' సంపుటికి 1995లో వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారం డబ్బు వేసి మొదలుపెట్టిన సంస్థ అది. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. మాస్టారు 2021 జూన్‌లో పోయారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. బడిలో లెక్కలు చెప్పిన మనిషి కదా, కథల్ని కూడా లెక్కల మాస్టారిలాగే పెట్టుకున్నారనిపిస్తుంది. కథ పేరు, రాసినవాళ్ళ పేరు, పత్రిక పేరు, తేదీ. అంతే. మంచి కథా చెడ్డ కథా, గొప్ప రచయితా అనామకురాలా అన్న ప్రసక్తి అక్కడ లేదు. ఒక్క కథ రాసి పెళ్ళయ్యాక మానేసిన అమ్మాయికి కూడా ఆ వరసలో ఒక గీత ఉంటుంది.

ఈ మాటలు చదివి ఇందులో స్త్రీవాదం ఏముంది అనొచ్చు ఎవరైనా. నాకు తెలిసిన సాహిత్య చరిత్రలన్నీ ఎంపికలతో నడిచాయి. ఎంపిక చేసే చోట మనం ఎప్పుడూ మిగిలిపోయిన వాళ్ళమే. 'ఇతరులు' అన్న పేరాలో నలుగురు రచయిత్రులని కామాలతో కలిపి కుట్టేసిన పుస్తకాలు నా బీరువాలోనే అరడజను ఉన్నాయి. ఎంపిక చెయ్యని జాబితాలో మాత్రం మనం ఉంటాం. మాస్టారి కథల్లో స్త్రీలని ఎలా చూపించారన్న దాని మీద నాకు ఆయనతో పేచీలు ఉన్నాయి, అవి మరోసారి. కానీ రచయిత్రుల మీద ఆయన వ్యాసం రాసి ఉంటే చెయ్యగలిగిన దానికన్నా ఆ జాబితా ఎక్కువ చేసిందని నమ్ముతున్నాను. ఇప్పుడు ఆ వివరాలు కథానిలయం వాళ్ళ వెబ్‌సైట్‌లో కూడా ఉన్నాయి. రచయిత పేరు పట్టుకుని, పత్రిక పేరు పట్టుకుని వెతుక్కోవచ్చు. చాలా కథల పేజీలు స్కాన్ చేసి పెట్టారు. పలాస నుంచి బస్సెక్కి రాలేని అమ్మాయికి ఇది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. స్కాన్ చేసిన బొమ్మలోని మాటలు వెతకడానికి దొరక్కపోయినా, పక్కన జాబితాలో పేరు యూనికోడ్‌లో ఉంటే చాలు, మనిషి కథ దగ్గరకి చేరుతుంది.

జాబితాకి కూడా ఆడవాళ్ళ పేర్ల దగ్గర తల తిరుగుతుంది. పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో రాసిన కథ, తర్వాత అత్తింటి పేరుతో రాసిన కథ ఇద్దరు మనుషులవై కూర్చుంటాయి. ముందు 'కుమారి', తర్వాత 'శ్రీమతి'. కొందరికి పొడి అక్షరాలు మాత్రమే. అరవైలు, డెబ్భైల్లో రచయిత్రులకి గిరాకీ పెరిగాక ఆడపేర్లతో రాసిన మగవాళ్ళు ఉన్నారు. ఇక బీనాదేవి ఉంది. అది నరసింగరావు, బాల త్రిపురసుందరమ్మ దంపతుల కలం పేరు. ఆయన పోయాక ఆమె ఒక్కతే అదే పేరుతో రాసింది. ఇప్పుడు 'బీనాదేవి' అని వెతికే పరిశోధకురాలికి మొదటి రెండు వాక్యాల్లోనే ఈ సంగతి చెప్పాలా వద్దా? చెప్పకపోతే ఆ అమ్మాయి ఇద్దరి రచనల్నీ ఒక స్త్రీ గొంతుగా చదివి, దాని మీద ఒక సిద్ధాంతం కట్టేస్తుంది. ఇలా కట్టిన ఒక పత్రాన్ని నేను సదస్సులో విని, ఏమీ అనలేక ఊరుకున్నాను.

ఇక మన వచనం. జేకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన ఒక పరిశీలన ఉంది. తెర మీద కొత్త పేజీ తెరిచిన వాళ్ళలో నూటికి 79 మంది పైపైన కళ్ళు తిప్పుతారనీ, మాట మాట చదివేది 16 మందేననీ తేల్చాడు. అమెరికాలో బల్ల మీది కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్ళ లెక్క అది. మన పిల్లలు బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలోని ఫోన్లో చదువుతారు. వాళ్ళ ముందు నా థీసిస్ లోంచి ఒక వాక్యం పెడతాను: "పితృస్వామిక భావజాల ఆధిపత్య నేపథ్యంలో స్త్రీ అస్తిత్వ సంఘర్షణా పరిణామక్రమపు తొలి సంకేతాన్ని కమలిని పాత్ర బహుముఖీనంగా ఆవిష్కరిస్తుంది." దీనికి నాకు డాక్టరేట్ వచ్చింది. పలాస అమ్మాయి కోసం ఇదే వాక్యాన్ని మామూలు మాటల్లో రాద్దామని కూర్చున్నాను. "కమలిని పుట్టింటికి వెళ్ళిపోతున్నట్టు మొగుడికి ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుని, అతను కంగారు పడ్డాక నవ్వుతుంది" అని వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు రాయలేకపోయాను. ఇందులో అస్తిత్వ సంఘర్షణ ఎక్కడుంది? ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళాలనుకుందని కూడా కథలో లేదు. వెళ్ళినట్టు నటించడం వరకే గురజాడ ఆమెకి వీలు కల్పించాడు. ఇల్లంతా వెతికినా మొగుడికి కనపడని మనిషి అదే గదిలో మంచం కింద ఉంది. ఇది నా థీసిస్‌లో చెప్పిన దానికన్నా మంచి సంగతి. పెద్ద మాటలు అడ్డం ఉండబట్టి నాకే కనపడలేదు. తేటగా రాయడానికి నేను భయపడింది పాఠకులకి అర్థం కాదని కాదేమో, అర్థమైతే నా వాదనలో బోలుతనం కనిపిస్తుందనేమో.

ఈ మాట ఒక సీనియర్ అక్క దగ్గర అంటే ఆవిడకి కోపం వచ్చింది. "పితృస్వామ్యం, జెండర్, లైంగికత - ఈ మాటలన్నీ మేం తిట్లు తిని తెచ్చుకున్నామమ్మా. నువ్వొచ్చి సులువుగా లేవు, తీసెయ్యమంటున్నావా?" అంది. తీసెయ్యమనను. పేరు లేని బాధకి పేరు పెట్టిన మాటలు అవి. కానీ ఆ మాట తెలియని మనిషి ఆ పేజీ దగ్గరకి ఏ దారిన వస్తుందో కూడా ఆలోచించాలి కదా. 2005లో గృహహింస చట్టం వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని గురించి తెలుగులో రాసిన చాలా పేజీల్లో శీర్షిక 'గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం'. అవసరం వచ్చిన ఆడమనిషి రాత్రిపూట ఫోన్లో ఏమని వెతుకుతుంది? 'మొగుడు కొడతన్నాడు ఏటి సెయ్యాల' అని. గృహహింస అన్న మాట ఆమెది కాదు, మనది. మన మాట శీర్షికలో ఉండనీ, తర్వాతి వాక్యంలో ఆమె మాట కూడా ఉండాలి. 181 నంబరు పేజీ అడుగున చట్టం చరిత్ర అంతా అయ్యాక ఉంటే ఎవరికి ఉపయోగం? అక్క కాసేపు ఊరుకుని, "అవునే, మనం మనలో మనం మాట్లాడుకోవడానికే రాసుకున్నాం" అంది. అలా రాసుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. మనలో మనం మాట్లాడుకోకపోతే ఆ మాటలు పుట్టేవే కావు. అయితే అలాంటి వ్యాసం కూడా ఎవరికైనా దొరకాలంటే పైన ఒక పేరా మామూలు మాటల్లో ఉండొచ్చు, అందులో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, పుస్తకాల పేర్లు, సంవత్సరాలు ఉండొచ్చు. ఆ పేరా రాయడానికి నాకు బద్ధకం తప్ప అడ్డం ఏముంది?

విశాలాక్షి వ్యాసం మళ్ళీ రాశాను. నెల పట్టింది. పేరు 'ద్వివేదుల విశాలాక్షి నవలలు - ఒక పరిచయం, విమర్శ'. మొదటి వాక్యంలో ఆవిడ ఏం రాసిందో ఉంది, తర్వాత విజయనగరం, ఆ తర్వాత కుటుంబం. బోవా ఇప్పుడు నాలుగో పేజీకి వెళ్ళింది. అక్కడైతేనే ఆమె అవసరం నాకు సరిగ్గా తెలిసింది. అంతా యూనికోడ్‌లో కొట్టాను. ఉపశీర్షికలు పెట్టాను, నవలల పేర్లే ఉపశీర్షికలు. పాత వ్యాసంలో సగానికి సగం పోయింది. పోయిన సగంలో నాకు ఇష్టమైన వాక్యాలు ఉన్నాయి, అవి వేరే ఫైలులో దాచుకున్నాను.

పలాస అమ్మాయికి ఫోన్ చేసి వెతకమన్నాను. సెమినార్ ఎప్పుడో అయిపోయింది, అయినా వెతికింది. రాలేదంది. నేను వెతికితే వస్తోంది. ఏమని కొడుతున్నావో బొమ్మ తీసి పంపమన్నాను. 'విశాలక్షి' అని ఉంది, 'లా'కి దీర్ఘం లేదు. "మా క్లాసులో అందరం ఇలాగే రాస్తాం మేడమ్" అంది. తప్పని చెప్పబోయి ఆగాను. పేజీ అడుగున ఒక వరస చేర్చాను: ఈ రచయిత్రి పేరుని విశాలక్షి అనీ, డి. విశాలాక్షి అనీ కూడా రాస్తుంటారు. వారం తర్వాత ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చింది మేడమ్. కానీ ఇందులో మీ పేరెక్కడా లేదేటి?"

చూసుకున్నాను. నిజమే, పెట్టడం మర్చిపోయాను.